చెయ్యి పడిపోతే ఏడాది ఆగాలా?

బైకు మీద నుంచి పడి, కుడిచెయ్యి వేలాడేసుకుని వచ్చిన కుర్రాడికి మన దగ్గర ముందుగా దొరికేది ధైర్యం. ‘నరాలు నలిగాయి, అవే వస్తాయి, ఓ ఏడాది చూద్దాం’ అంటారు. ఆస్పత్రిలో అదే మాట, ఊళ్లో అదే మాట, పరామర్శకు వచ్చిన మేనమామదీ అదే మాట. నరాల మాత్రలు రాసిస్తారు. చేతికి కరెంటు పెట్టించుకోమంటారు. మాలిష్‌కి నూనె ఎవరో తెచ్చిస్తారు. ఏడాది గడిచి చెయ్యి కదలకపోతే అవే నోళ్లు ఇంకో మాట అందుకుంటాయి: ‘నరం పోతే పోయినట్టే. ఇంకేం చేసినా డబ్బు దండగ.’

ఈ రెండు మాటలకూ పొంతన లేదు. దానంతటదే వచ్చేదైతే పోయినట్టే ఎలా అవుతుంది? అయినా రెండూ కలిసి ఒకే అభిప్రాయంగా చలామణీ అవుతున్నాయి. చేతి నరాల గాయానికి మనం చేయగలిగింది లేదు, వస్తే వస్తుంది, లేకపోతే లేదు అన్నదే ఆ అభిప్రాయం. ఇది మామూలు పొరపాటు కాదు. వైద్యానికి లొంగే చేతిని లొంగని చేతిగా మార్చే పొరపాటు. దీన్ని జాగ్రత్త పేరుతో చెబుతారు కాబట్టి ఎవరూ ప్రశ్నించరు.

అసలు గాయం ఎక్కడ జరుగుతుందో చూస్తే ఈ ధైర్యవచనం ఎంత బోలుదో తెలుస్తుంది. మెడ దగ్గర వెన్నుపాము నుంచి అయిదు నరాల వేళ్లు బయటికొస్తాయి. డాక్టర్లు వాటిని సి5, సి6, సి7, సి8, టి1 అంటారు. కాలర్‌బోన్ వెనక అవి కలిసి, విడిపోయి, మళ్లీ కలిసి చేతిలోకి దిగుతాయి. ఈ అల్లికనే బ్రాకియల్ ప్లెక్సస్ అంటారు. భుజం పైకెత్తడం, మోచెయ్యి వంచడం ప్రధానంగా సి5, సి6ల పని. వేళ్లు ముడవడం, పట్టు బిగించడం సి8, టి1ల పని. బండి మీద నుంచి ఎగిరిపడి భుజం నేలకు కొట్టుకున్నప్పుడు తల ఒకవైపూ భుజం ఇంకోవైపూ లాగేస్తాయి. ఆ లాగుడుకు నరం సాగవచ్చు, మధ్యలో తెగవచ్చు, లేదా వెన్నుపాము దగ్గరే వేరుతో సహా ఊడి రావచ్చు. కేవలం సాగిన నరం చాలాసార్లు కోలుకుంటుంది. పూర్తిగా తెగిన నరం సర్జన్ కలపకపోతే పనికొచ్చేలా అతకడం అరుదు. ఊడిన వేరు ఏడాదికీ రాదు, పదేళ్లకూ రాదు. వెన్నుపాముతో దాని సంబంధమే తెగిపోయాక ఎక్కడినుంచి వస్తుంది?

ఊడిపోవడం అరుదేమో అనుకునేవారు నరకాస్ చెప్పింది వినాలి. స్విట్జర్లాండ్‌లోని లోజాన్‌లో ఈ గాయాలకే జీవితాన్ని అంకితం చేసిన సర్జన్ ఆయన. వెయ్యికి పైగా రోగులను చూసిన అనుభవంతో 1985లో ఆయన చెప్పిన ‘ఏడు డెబ్బైలు’ ఈ రంగంలో ఇప్పటికీ తలుచుకుంటారు. వాటిలో మూడు చూడండి. ఈ గాయాల్లో సుమారు 70 శాతం రోడ్డు ప్రమాదాలవి. అందులో 70 శాతం బైకు, సైకిలు ప్రమాదాలవి. కాలర్‌బోన్‌కు పైన దెబ్బతిన్నవారిలో 70 శాతం మందికి కనీసం ఒక వేరైనా ఊడి ఉంటుంది. అంటే బైకు ప్రమాదంలో చెయ్యి పూర్తిగా పడిపోయిన కుర్రాడి ముందు నిలబడి, ఏ పరీక్షా చేయించకుండా ‘అవే వస్తాయి’ అనడమంటే లెక్కకు ఎదురుగా పందెం కాయడమే. పందెంలో ఒడ్డేది మాత్రం ఆ కుర్రాడి చెయ్యి.

ఇక గడువు సంగతి. తెగిన నరంలో అవతలి ముక్క శిథిలమైపోతుందని 1850లోనే అగస్టస్ వాలర్ కప్ప నాలుక నరాల మీద చేసిన ప్రయోగాలతో చూపించాడు. ఆ ఖాళీ గొట్టాల్లోకి ఇవతలి వైపు నుంచి కొత్త పోగులు పెరగాలి. పెద్దవాళ్లలో అవి పెరిగే వేగం రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు, నెలకు అంగుళం కన్నా కాస్త ఎక్కువ. మెడ దగ్గర నుంచి అరచేతి కండరాల దాకా దూరం అరవై సెంటీమీటర్లకు పైమాటే. ఏ ఆటంకమూ లేకుండా పెరిగినా ఏడాదిన్నర దాటుతుంది. ఈలోగా కండరం ఖాళీగా కూర్చోదు. నరం అందని కండరం సన్నబడుతుంది, నరాన్ని అందుకునే చోట్లు చెదిరిపోతాయి, కండ స్థానంలో కొవ్వు, నారపోగులు చేరతాయి. పన్నెండు నుంచి పద్దెనిమిది నెలలు దాటాక నరం వచ్చి చేరినా ఆ కండరం దాన్ని వాడుకోలేదు.

కృష్ణా డెల్టాలో చివరి భూముల రైతుకు ఇది విడమరచి చెప్పక్కర్లేదు. హెడ్ స్లూయిస్ దగ్గర కాలువకు గండి పడింది. అక్కడ పూడ్చి నీళ్లు వదిలితే తన పొలానికి చేరేసరికి నాట్ల అదును పోతుంది. పక్కనే పారుతున్న ఇంకో కాలువ నుంచి, తన మడి గట్టు పక్క నుంచే ఒక పిల్లకాలువ తీయించుకుంటే పంట దక్కుతుంది. నరం మార్పిడి ఆపరేషన్‌లో చేసేది ఇదే. మెడ దగ్గరి గాయం జోలికి పోకుండా, పనిచేస్తున్న నరంలోంచి ఒక పోగును కండరానికి దగ్గర్లోనే చచ్చుబడిన నరపు కొమ్మకు కలుపుతారు. దూరం కొద్ది సెంటీమీటర్లకు తగ్గుతుంది. కొన్ని నెలల్లో కండరంలో కదలిక మొదలవుతుంది.

ఇక్కడే మనవాళ్ల అభ్యంతరం వస్తుంది. ఇంట్లో పెద్దవాళ్లు ముందుగా అడిగేది ఇదే. ‘బాగున్న నరం కోసి చెడ్డదానికి పెడతారా? ఉన్నదీ పోతే?’ అడగాల్సిన ప్రశ్నే. జవాబు విని ఆగిపోతే బాగుండేది. జవాబు వినకుండానే ఇంటికి తీసుకెళ్లిపోతారు, నా కోపమల్లా అక్కడే.

జవాబు 1994లో పారిస్ నుంచి వచ్చింది. సి5, సి6 ఊడిపోయిన నలుగురికి క్రిస్టోఫ్ ఒబెర్లిన్ బృందం ఒక పని చేసింది. ఆ గాయంలో చేతివేళ్లు బాగానే ఉంటాయి, మోచెయ్యి మాత్రం వంగదు. కప్పు పట్టుకోగలడు కానీ నోటిదాకా తేలేడు. దండచేతి లోపలి వైపు నుంచి దిగే అల్నార్ నరం ఆ మనిషిలో క్షేమంగా ఉంది. ఆ నరం ఒకే తీగ కాదు, లోపల ఎన్నో పోగుల కట్ట. అందులో మణికట్టును వంచే కండరానికి వెళ్లే ఒక పోగును, అంటే మొత్తం నరంలో పదో వంతును, చీల్చి తీసి పక్కనే ఉన్న బైసెప్స్ కండరపు నరానికి కుట్టారు. ఏ పోగు ఏ కండరానిదో ఊహించి కోయరు. చిన్న విద్యుత్ స్టిమ్యులేటర్‌తో తాకి చూస్తారు. ఏది తాకితే వేళ్లు కదులుతాయో దాన్ని వదిలేస్తారు, ఏది తాకితే మణికట్టు వంగుతుందో దాన్ని ఎంచుకుంటారు. అందుకే ఈ ఆపరేషన్‌లో మత్తు డాక్టరు కండరాలను సడలించే మందు ప్రభావం ఆ సమయానికి ఉండకుండా చూసుకోవాలి. కుట్టు మైక్రోస్కోపు కింద, వెంట్రుక కన్నా సన్నని దారంతో పడుతుంది. మణికట్టును వంచడానికి వేరే కండరాలు కూడా ఉన్నాయి. పోగు పోయిన కండరంలోనూ మిగిలిన పోగులు కొమ్మలు వేసి ఖాళీని చాలావరకు భర్తీ చేస్తాయి. అదృష్టం మీద ఆధారపడే పని కాదిది. శరీరంలో ఒకే పనికి ఒకటికి మించిన ఏర్పాట్లు ఎక్కడున్నాయో తెలుసుకుని తీసుకునే అప్పు.

నాలుగు కేసులతో ఏం తేలుతుందని అడిగేవారికి నాలుగేళ్లకే బ్యాంకాక్ నుంచి జవాబు వచ్చింది. లీచవెంగ్‌వాంగ్స్ బృందం 32 మంది ఫలితాలు ప్రచురించింది. 2003లో అదే బృందం ట్రైసెప్స్‌కు వెళ్లే నరపు కొమ్మల్లో ఒకదాన్ని భుజపు డెల్టాయిడ్ కండరపు నరానికి, వీపు వైపు నుంచి కోసి కలిపే పద్ధతి చూపించింది. అమెరికాలో సెయింట్ లూయిస్‌కు చెందిన సూసన్ మెకినన్ బృందం 2005లో అల్నార్, మీడియన్ నరాలు రెండింటి నుంచీ చెరో పోగు తీసి మోచెయ్యి వంచే రెండు కండరాలకూ ఇచ్చింది. బ్యాంకాక్ పేరు ప్రత్యేకంగా ఎత్తడానికి కారణం ఉంది. ఇది పాశ్చాత్యుల హంగు, మనలాంటి దేశాలకు కాదనే మాట కూడా మన దగ్గర వినిపిస్తుంది. బైకుల మీద బతికే దేశాల్లో కూడా ఈ విద్యకు పదును పెట్టారు.

‘మణికట్టు నరంతో మోచెయ్యి వంగుతుందా? మెదడుకు తెలియొద్దా?’ అంటారు కొందరు. మొదట్లో మెదడుకు తెలియదు నిజమే. పిడికిలి బిగిస్తేనే మోచెయ్యి వంగుతుంది. అయిదు నరాల వేళ్లూ ఊడిపోయి చేతిలో అరువు తీసుకోవడానికి నరమే లేనివాళ్లకు పక్కటెముకల మధ్య నరాలను తీసి బైసెప్స్‌కు కలుపుతారు. వాళ్లకు మొదట్లో గట్టిగా ఊపిరి పీలిస్తే మోచెయ్యి వంగుతుంది, దగ్గితే అనుకోకుండా ఎగురుతుంది. నెలల తరబడి సాధన చేశాక ఊపిరికీ చేతికీ ముడి విడిపోతుంది. మామూలుగా మాట్లాడుతూనే చెయ్యి వంచుతాడు. ఫిజియోథెరపిస్టు అసలు పని ఇక్కడ మొదలవుతుంది. ఆపరేషన్‌కు ముందు ఏడాదిపాటు కరెంటు పెట్టిన ఫిజియోథెరపీని నేను తిట్టడం లేదు. కీళ్లు బిగుసుకోకుండా అది కాపాడుతుంది, తప్పక చేయాలి. ఊడిన వేరును మాత్రం ఏ కరెంటూ వెన్నుపాముకు తిరిగి అంటించదు. ఏ బి12 మాత్రా అంటించదు.

మరి ఈ ‘ఆగు’ అనే సలహా ఎక్కడినుంచి పుట్టింది? గాలిలోంచి పుట్టలేదు. మూడు వేరువేరు అనుభవాలను కలిపేసుకోవడం వల్ల పుట్టింది. ఒకటి ఎముక. పుత్తూరు కట్టు తెలిసిన సమాజం మనది. కట్టి, కదల్చకుండా ఉంచి, ఓపిక పడితే ఎముక అతుకుతుంది. ఆ ఓపికనే నరానికీ వర్తింపజేశాం. రెండోది పక్షవాతం. మెదడులో దెబ్బ తగిలి చెయ్యి పడిపోయినవాళ్లు నెలలు గడిచేకొద్దీ కొంత కోలుకోవడం ప్రతి వీధిలో చూసిందే. అక్కడ వెన్నుపాము నుంచి కండరానికి వెళ్లే నరం చెక్కుచెదరదు, కండరం బతికే ఉంటుంది. 2018లో షాంఘైలోని హుయాషాన్ ఆస్పత్రికి చెందిన షూ వెన్‌డాంగ్ బృందం మెదడు దెబ్బతో అయిదేళ్లకు పైగా చెయ్యి బిగుసుకుపోయిన 36 మందితో జరిపిన ఒక పరీక్ష ఫలితాలు ప్రచురించింది. సగం మందికి బాగున్న చేతి వైపు సి7 వేరును పడిపోయిన చేతి వైపుకు మళ్లించారు. ఏడాది తర్వాత చేతి కదలికలను కొలిచే 66 మార్కుల స్కేలు మీద వాళ్ల సగటు 17.7 పెరిగింది. ఆపరేషన్ లేకుండా సాధన మాత్రమే చేసినవారిలో 2.6 పెరిగింది. అయిదేళ్ల తర్వాత కూడా అది సాధ్యమైందంటే అక్కడ కండరం చావలేదు కాబట్టే. మెడ దగ్గర నరం తెగినవాడికి ఆ సౌకర్యం లేదు. రెండు చేతులూ బయటికి ఒకేలా వేలాడతాయి, లోపల సంగతి వేరు. మూడోది పసిబిడ్డలు. కాన్పులో మెడ లాగుడుపడి చెయ్యి కదలని బిడ్డల్లో ఎక్కువమంది వాళ్లంతట వాళ్లే కోలుకుంటారు. ఆ జ్ఞాపకమే పెద్దలకూ ధీమా ఇస్తోంది. కానీ ఆ బిడ్డల విషయంలో కూడా పారిస్ సర్జన్ ఆలెన్ గిల్బర్ట్ పెట్టిన గీటురాయి మూడు నెలలు. మూడో నెలకు బైసెప్స్ కదలకపోతే ఆపరేషన్ సంగతి ఆలోచించాలని ఆయన చెప్పాడు. పసిబిడ్డకే మూడు నెలలు గీత గీస్తే, చెయ్యి పొడవు మూడింతలున్న ఇరవై రెండేళ్లవాడికి ఏడాది ఎలా ఇస్తాం?

వైద్యుల్లో కొందరి నిరాశకు కూడా చరిత్ర ఉంది, అది న్యాయమైనదే. 1961లో బ్రిటన్‌లో యోమన్, సెడన్ ఇలాంటి వేలాడే చేతులకు భుజం కీలు బిగించి, మోచెయ్యి పైదాకా కోసి కృత్రిమ చెయ్యి పెట్టడమే మేలని రాశారు. సెడన్ సామాన్యుడు కాదు, నరాల గాయాలను మూడు తరగతులుగా విడదీసి 1943లో ఈ శాస్త్రానికి పునాది వేసినవాడు. 1966లో పారిస్‌లో ఆర్థోపెడిక్ సర్జన్ల అంతర్జాతీయ సదస్సు కూడా ఈ నరాలను బాగుచేయబోవడం పెద్దగా ఫలితం ఇవ్వదనే తేల్చింది. అప్పుడున్న పనిముట్లతో అది నిజాయితీగల తీర్పు. ఆ తర్వాత మైక్రోస్కోపు వచ్చింది, వియన్నాలో మిలేసి, లోజాన్‌లో నరకాస్ దారి తెరిచారు, ఆపై ఒబెర్లిన్ వచ్చాడు. 1966 నాటి తీర్పును తీర్పు ఇచ్చినవాళ్ల దేశాలు వదిలేశాయి, మనం ఇంకా మోస్తున్నాం.

మనకిది కొత్త విద్య అనడం కూడా తప్పే. చిత్తూరు జిల్లావాళ్లు జబ్బు చేస్తే వేలూరు వెళ్లడం తరతరాల అలవాటు. ఆ వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలోనే 1940ల చివర పాల్ బ్రాండ్ కుష్ఠు వల్ల వంకరపోయిన వేళ్లకు బలమున్న కండరాల టెండన్లను మళ్లించి కుట్టాడు. వేళ్లు తెరుచుకున్నాయి, మనుషులు పనుల్లోకి వెళ్లారు. ఒక పనికి ఉన్నదాన్ని ఇంకో పనికి మళ్లించడం, మెదడు దాన్ని నేర్చుకోవడం అనే సూత్రం మన గడప పక్కనే రుజువైంది. ఈ రోజు కోయంబత్తూరులోని గంగా హాస్పిటల్‌కు బ్రాకియల్ ప్లెక్సస్ గాయాలతో దేశం నలుమూలల నుంచీ వెళ్తారు. విద్య లేక కాదు, ఆ విద్య దగ్గరికి సమయానికి పంపేవాళ్లు లేక చేతులు పోతున్నాయి.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా చికాకు పుట్టించే వాదం. ‘ఆపరేషన్ చేసినా చెయ్యి మునుపటిలా రాదు కదా’ అంటారు. రాదు. ఆ మాట ముందే చెప్పని సర్జన్ దగ్గర ఆపరేషన్ చేయించుకోకూడదు కూడా. అయిదు నరాల వేళ్లూ ఊడినవాడికి చేతివేళ్ల సూక్ష్మమైన పనులు తిరిగి రావడం దాదాపు జరగదు. మంటలా, షాకులా వచ్చే నొప్పి ఆపరేషన్ తర్వాత కూడా కొందరిని వదలదు. సి5, సి6 మాత్రమే పోయినవాడి ఫలితం అన్నీ పోయినవాడికి రాదు. పొగతాగేవాడు, వయసు పైబడినవాడు, ఆలస్యంగా వచ్చినవాడు తక్కువతో సరిపెట్టుకోవాలి. ‘నెలలో చెయ్యి లేస్తుంది’ అని ప్రకటనలు వేసేవాళ్లు కూడా ‘ఏడాది ఆగు’ అనేవాళ్లంత హాని చేస్తున్నారు. ఎందుకంటే వాళ్ల అబద్ధం బయటపడ్డాక జనం మొత్తం విద్యనే అబద్ధం అనుకుంటారు.

కానీ ‘మునుపటిలా’ అన్న కొలతబద్ద పెట్టి ‘కొంత’ను కొట్టిపారేసేది ఎవరు? రెండు చేతులూ ఉన్నవాళ్లం. మోచెయ్యి గురుత్వాకర్షణను దాటి వంగితే కాగితాన్ని ఒంటికి అదిమిపట్టి రెండో చేత్తో సంతకం పెట్టవచ్చు. సంచి మోచేతికి తగిలించుకుని బస్సు ఎక్కవచ్చు. చొక్కా ఒక్కడే తొడుక్కోవచ్చు. భుజం నిలబడితే కీలు జారి వేలాడే బాధ తగ్గుతుంది, చెయ్యి పట్టీలోంచి బయటికి వస్తుంది. వేళ్లు బాగున్న మనిషికి మోచెయ్యి తిరిగి రావడమంటే అన్నం తన చేత్తో తినడం. దీన్ని ‘కొంత’ అనేవాళ్లు తమ కుడి మోచేతిని ఒక్క పూట బిగించి కట్టుకుని చూడాలి.

మరి ఎంతకాలం ఆగాలి? మొదటి కొన్ని వారాలు ఆగాలి. ఎందుకంటే తేలికగా సాగిన నరం ఆ లోపు సూచనలిస్తుంది. కానీ ఆగడమంటే కళ్లు తెరిచి ఆగడం. మూడు నాలుగు వారాలకు ఈఎంజీ అనే కండరాల పరీక్ష, నరాల వేగం పరీక్ష. నరాల వేళ్లు ఊడాయేమో చూడటానికి మెడ ఎమ్మారై. కన్ను సగం మూసుకుపోయి కంటిపాప చిన్నదైతే టి1 ఊడిందన్న అనుమానం. ఎక్స్‌రేలో డయాఫ్రమ్ ఒకవైపు పైకి లేస్తే పై నరాల వేళ్లకు తీవ్రంగా దెబ్బ తగిలిందన్న అనుమానం. నెలనెలా ఒకే చెయ్యి, ఒకే డాక్టరు, సున్నా నుంచి అయిదు దాకా కండరాల బలం కాగితం మీద. మూడో నెలకు కదలిక లేకపోతే ఈ ఆపరేషన్లు చేసే సర్జన్ ముందు కూర్చోవాలి. ఆరు నెలల్లోపు బల్ల మీదికి వెళ్లాలి. నరాల వేళ్లు ఊడాయని ముందే తేలితే మూడో నెల దాకా కూడా ఆగక్కర్లేదు.

కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగాయి. 1,68,491 మంది చనిపోయారు. వాళ్లలో 44.5 శాతం ద్విచక్ర వాహనాల మీద ఉన్నవారే. గాయపడినవారు 4,43,366 మంది. వీళ్లలో ఎంతమందికి చెయ్యి పడిపోయిందో ఆ లెక్కల్లో ఉండదు. హెల్మెట్ ప్రాణం కాపాడుతుంది, కాపాడాలి కూడా. ఆ ప్రాణంతో బయటపడ్డవాడి చేతి గురించి అడిగేవాళ్లు లేరు. తొడ ఎముకకు రాడ్డు వేస్తారు, తలకు స్కాన్ తీస్తారు, చెయ్యి వంతు వచ్చేసరికి డిశ్చార్జి కాగితం సిద్ధమైపోతుంది. ఆ కాగితంలో ‘మూడు నెలల్లోపు నరాల శస్త్రచికిత్స నిపుణుడికి చూపించాలి’ అన్న ఒక్క వాక్యం రాయడానికి కొత్త భవనాలు అక్కర్లేదు, నిధులు అక్కర్లేదు. వైకల్య సర్టిఫికెట్ కోసం సదరం శిబిరానికి ఎప్పుడు వెళ్లాలో చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. వైకల్యం శాశ్వతం కాకముందు ఎక్కడికి వెళ్లాలో చెప్పేవాళ్లే కరువు.

ఏడాది దాటిపోయినవాళ్లకు కూడా దారి పూర్తిగా మూసుకుపోలేదు. తొడలోని గ్రాసిలిస్ కండరాన్ని రక్తనాళంతో, నరంతో సహా తీసి చేతిలో పెట్టి మోచెయ్యి వంచే పద్ధతి ఉంది. బతికున్న కండరాల టెండన్లు మళ్లించే పద్ధతులున్నాయి. వాటికి నరం మార్పిడికి ఉన్నంత గట్టి గడువు లేదు. ‘పోతే పోయినట్టే’ అన్న మాట అక్కడా తప్పే. కానీ అవి రెండో ఎంపికలు, పెద్ద ఆపరేషన్లు, మొదటి ఎంపికను చేజార్చుకున్నాక మిగిలేవి. మూడో నెలలో ‘తొందరేముంది’ అని పంపిన చోటే పద్నాలుగో నెలలో ‘ఇంత ఆలస్యంగా వచ్చారేం’ అని అడుగుతారు. ఆ రెండు తేదీలూ రోగి ఫైలులో ఉంటాయి. వాటి మధ్య ఏ ఈఎంజీ తీశారో, ఏ నెల కండరాల బలం ఎంత రాశారో, ఎవరి దగ్గరికి పంపారో కూడా అందులో ఉండాలి. అవి లేకపోతే ఆలస్యం చేసింది రోగి కాదు.